విదేశాంగ మంత్రి గారికి, సముద్రంలో పట్టుబడి పాకిస్తాన్ జైళ్లలో చిక్కుకుపోయిన మావాళ్ల గురించి

మంత్రి గారికి నమస్కారాలండి. పెట్టిన అర్జీలకి జవాబు రాలేదు, అందుకే ఇలా పదిమంది ముందు రాస్తున్నాను.

2018లో గుజరాత్ వెరావల్ నుంచి వేటకెళ్లిన మా ఉత్తరాంధ్ర మత్స్యకారుల్ని పాకిస్తాన్ వాళ్లు పట్టుకుపోయారు, 20 మంది 2020 జనవరిలో వాఘా దాటి ఇంటికొచ్చారు, అన్నాళ్లూ ఇక్కడ ఆడవాళ్లు అప్పులు చేసి పిల్లల్ని సాకారు. గుజరాత్‌కీ పాకిస్తాన్‌కీ మధ్యనున్న సర్ క్రీక్ అనే సముద్రపు పాయ దగ్గర హద్దు ఇంకా తేలలేదు, నీళ్లమీద గీత ఎవరికి కనిపిస్తుంది చెప్పండి?

రెండు దేశాలకీ పడదు, నిజమే. అయినా 1988 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న అణు కేంద్రాల లిస్టులు ఇచ్చిపుచ్చుకుంటున్నారు కదా, ఎందుకంటే అక్కడ తేడా వస్తే ఇద్దరికీ నష్టమే. ఖైదీల లిస్టులు కూడా 2008 ఒప్పందం ప్రకారం ఏడాదికి రెండుసార్లు మార్చుకుంటారు, కానీ పేదోడు జైల్లో ఉంటే ఏ ప్రభుత్వానికీ నష్టం లేదు, అందుకే లిస్టు కదిలినా మనిషి కదలడు.

శిక్ష పూర్తయి, మనవాడేనని తేలాక నెలలోపు పంపాలని అదే ఒప్పందంలో ఉంది. దాన్ని అమలు చేయించండి, మన జైళ్లలో ఉన్న పాకిస్తాన్ జాలర్లని కూడా అలాగే పంపండి. రెండు దేశాల జడ్జీల కమిటీ జైళ్లకెళ్లి చూసే పద్ధతిని మళ్లీ మొదలుపెట్టించండి, జవాబు మాత్రం రాతపూర్వకంగా ఇవ్వండి సార్.

ఇట్లు,
శ్రీకాకుళం తీరం నుంచి ఒక మత్స్యకార కుటుంబం