నా కథకు నేనే దొంగనట!

కథారచన ఆన్‌లైన్ కోర్సుల నిర్వాహకులకు,

విషయం: నా కథకు తాళం వేసి, నన్ను గాలికి వదిలేయడం గురించి.

అయ్యా / అమ్మా,

సాఫ్ట్‌వేర్ తప్పు చేసిందని కాదు ఈ ఉత్తరం. యంత్రం పొరబడుతుంది, సరే. మనుషులు కూడా యంత్రాల్లా జవాబులిస్తుంటేనే ఒళ్ళు మండుతోంది.

మీ క్లాసులో వంతు వచ్చినవాళ్ళు కథను ముందుగా గ్రూపులో పెట్టాలి. అందరూ చదివి వస్తారు. రాసిన మనిషి నోరు మెదపకుండా కూర్చుంటే, కథ ఎక్కడ నడిచిందో ఎక్కడ కుంటిందో మిగతావాళ్ళు చెప్తారు. మీకు ఫీజు కట్టేదే ఆ కాసేపటి కోసం. మొదటి ప్రతి మీద వాళ్ళు చెప్పినవన్నీ పట్టుకుని తిరగరాశాను. చివర్లో తల్లి ఉత్తరం చదివి ఏడ్చే సన్నివేశం కొట్టేసి, ఆవిడ దాన్ని విప్పకుండానే సొరుగులో పడేసినట్టు మార్చాను. అప్‌లోడ్ చేయగానే ఎర్ర అక్షరాలు: 'ఇది మరొక రచనను పోలి ఉంది. క్లాసుకు చూపించలేము.' ఆ మరొక రచన ఏమిటయ్యా అంటే, మీ సైటులోనే నేను పెట్టిన నా మొదటి ప్రతి!

చాట్‌లో దొరికిన మీ ప్రతినిధికి ఇదంతా పూసగుచ్చినట్టు చెప్పాను. "అసలు రచయిత దగ్గర అనుమతి తెచ్చుకోండి మేడమ్" అన్నాడు. ఆ రచయితను నేనే బాబూ అన్నాను. "అయితే ఆ మాట ఆయన్నే మాకు మెయిల్ చేయమనండి" అన్నాడు. సరే, నాకు నేనే అనుమతి ఇచ్చుకుంటూ మెయిల్ కూడా పెట్టాను. 'మీ ఫిర్యాదు పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు?' అని జవాబొచ్చింది. కథ మాత్రం తాళంలోనే ఉంది.

ఫోన్ చేస్తే ఒకమ్మాయి "అర్థమైంది మేడమ్, అర్థమైంది మేడమ్" అంటూ టెక్నికల్ టీమ్‌కి పంపింది. వాళ్ళు ఇది కోర్సు విభాగం పని అన్నారు. కోర్సు విభాగం టీచర్‌ని అడగమంది. పాపం టీచర్‌గారికి ఆ తాళం తీసే అధికారమే ఇవ్వలేదట మీరు! చివరికి పైఅధికారి అని ఒకాయన లైన్లోకి వచ్చి, "కథకు కాపీరైట్ రిజిస్ట్రేషన్ ఉందా?" అన్నాడు. రాయడం నేర్పే కంపెనీలో అడగాల్సిన మాటేనా అది? రచయితల హక్కుల కోసం దేశాలు కలిసి చేసుకున్న 1886 నాటి బెర్న్ ఒప్పందాన్ని 1908లో బెర్లిన్‌లో సవరించినప్పుడే, రచయితకు హక్కు రావడానికి రిజిస్ట్రేషన్ లాంటి తతంగం అక్కర్లేదని తేల్చేశారు. అచ్చు కాకపోయినా కథ రాసినవాళ్ళదే. ఈ సంగతి నాకు చెప్పింది మీ క్లాసులోనే.

ఈలోగా నా వంతు దాటిపోయింది. కథను బయట పంచుకుందామంటే మీ నిబంధనలు ఒప్పుకోవు. "రాయడం మానేశారా?" అని ఒక క్లాస్‌మేట్ అడిగితే ఏం చెప్పాలో తెలియలేదు.

మీ వీడియోలో బొమ్మ ఒకవైపు, మాట ఒకవైపు పోయే రోజుల నుంచీ మీ దగ్గర చదువుతున్నాను. ఎవరు అడిగినా మీ పేరే చెప్పి చేర్పించాను. దానికి మర్యాద బాగానే జరిగింది.

ఒకే విద్యార్థి పెట్టిన పాత ప్రతిని పోలికల్లోంచి తప్పించడం పెద్ద విద్యేమీ కాదు. ఆ పని చేసి, నా వంతు నాకు తిరిగి ఇప్పించండి. లేదంటే ఫీజు మొత్తం వెనక్కివ్వండి, నా కథలన్నీ మీ సర్వర్ల నుంచి తీసేయండి. అదీ కుదరదంటే వినియోగదారుల కోర్టులో కలుద్దాం. క్లాసులో ఇలాంటి అనుభవం నా ఒక్కదానిదే కాదు, అందరం కలిసే వస్తాం.

జవాబిచ్చేవాళ్ళు దయచేసి తమ పేరు రాయండి. ఇంకో టికెట్ నంబరు మాత్రం పంపకండి, నా దగ్గర దండిగా ఉన్నాయి.

ఇట్లు,
ఇంకా మీ విద్యార్థినే