గేమ్ ప్రోగ్రామింగ్‌ను ఇంజిన్‌తో మొదలుపెట్టకండి

విజయనగరంలోని విశ్వవిద్యాలయ ఉపకులపతి గారికి నమస్కారాలు.

గేమ్ ప్రోగ్రామింగ్ కోర్సు పెడితే మొదటి సెమిస్టర్‌లో ఇంజిన్ (బొమ్మలు గీయడం, వస్తువులు ఢీకొనడం లాంటి పనులు ముందే చేసిపెట్టే సాఫ్ట్‌వేర్) ముట్టనివ్వకండి. సీ ప్లస్ ప్లస్ భాష, తెరపై బొమ్మలు గీయడానికి ఎస్‌డీఎల్ అనే లైబ్రరీ చాలు. లైసెన్సు ఖర్చు లేదు.

ఎందుకో ఒక ఉదాహరణ చెబుతాను. ఆట తెరపై సెకనుకు 60 ఫ్రేములు (బొమ్మలు) గీయాలంటే ఒక్కోదానికి దక్కేది 16.67 మిల్లీసెకన్లు. సెకనుకు 20 మీటర్ల వేగంతో పోయే చిన్న బంతి ఆ కాస్తలోనే 33 సెంటీమీటర్లు దూకుతుంది. మధ్యలో 10 సెంటీమీటర్ల గోడ ఉన్నా ఒక్కోసారి తాకకుండా అవతల తేలుతుంది. ప్రోగ్రాం చూసేది ఫ్రేము చివరి చోటునే కదా! ల్యాబ్‌లో పాత కంప్యూటర్ 30 ఫ్రేములకు పడిపోతే ఆ దూకుడు రెట్టింపు. ఈ తప్పు పిల్లలే చేయాలి, దారంతా తనిఖీ చేసే కోడ్ రాసి వాళ్లే దిద్దుకోవాలి. ఇంజిన్‌లో అయితే ఒక టిక్కు పెట్టి దాటేస్తారు.

తర్వాత గోడాట్ అనే ఇంజిన్ ఇవ్వండి. సోర్సు కోడ్ తెరిచి మార్చుకోవచ్చు, పరిశోధనకూ అదే పనికొస్తుంది.

— గేమ్ ప్రోగ్రామింగ్ బోధకులు, విజయనగరం