పైసా రాని ఆ గంట గురించి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో 'సెల్ఫ్ కేర్' మీద వచ్చిన వ్యాసం చదివాను. మంచి విషయమే ఎత్తుకున్నారు గానీ చదివేకొద్దీ నాకు మనసు కష్టపడింది. స్పా, సువాసన కొవ్వొత్తులు, శనాదివారాల్లో రిసార్టు, నెలనెలా చందా కట్టే ధ్యానం యాప్... మా తిరుపతిలో పొద్దస్తమానం నిలబడి పనిచేసే మనిషికి ఇందులో ఏది అందుతుంది చెప్పండి? నేను ఇక్కడ ఒక ఆసుపత్రి దగ్గర మెడికల్ షాపులో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. మనసు బాగాలేని వాళ్లు డాక్టరు దగ్గరికి పోకముందు, చాలాసార్లు ఇంట్లో వాళ్లకు చెప్పకముందు, మా కౌంటరు దగ్గరికి వస్తారు. అందుకే, ఖర్చు లేని హాబీలు మనసుకు చేసే మేలు గురించి ఈ ఉత్తరం కొంచెం పొడుగ్గా రాస్తున్నాను. కుదించుకుంటే కుదించుకోండి, విషయం మాత్రం వదిలేయకండి.

మా ఊరికి రాత్రంటూ లేదు. ఏ జాములో చూసినా రైల్వే స్టేషన్లో, బస్టాండులో యాత్రికులు దిగుతూనే ఉంటారు. వాళ్లు దిగుతున్నారంటే ఎక్కడో లాడ్జి రిసెప్షన్లో ఒక కుర్రాడు మేలుకొని ఉన్నట్టు, హోటల్ వంటింట్లో ఒకాయన టిఫిన్లకు అప్పుడే పొయ్యి వెలిగించినట్టు, ఘాట్ రోడ్డు ఎక్కడానికి ఒక డ్రైవరు కళ్లు నులుముకుంటూ స్టీరింగు ముందు కూర్చున్నట్టు. ఇట్లాంటి వాళ్లే షాపులో జనం తగ్గేదాకా పక్కన నిలబడి, గొంతు తగ్గించి "అక్కా, చీటీ లేదు గానీ నిద్రకు ఒక మాత్ర ఇయ్యక్కా" అని అడుగుతారు. ఇవ్వను. ఆల్‌ప్రజోలాం లాంటి మందులు హెచ్1 షెడ్యూలులో, అంటే అమ్మకం మీద గట్టి నిఘా ఉండే మందుల జాబితాలో ఉన్నాయి, డాక్టరు చీటీ ఉండాలి, అమ్మిన ప్రతిసారీ వేరే రిజిస్టరులో రోగి పేరు, డాక్టరు పేరు రాసి ఆ పుస్తకాన్ని మూడేళ్లు దాచాలి. చట్టం సంగతి అలా ఉంచినా, ఆ మాత్రలు వారాల తరబడి వేసుకుంటే ఒంటికి అలవాటైపోతాయి, ఒక్కసారిగా ఆపేస్తే ముందుకంటే నిద్ర చెడిపోతుంది, చేతులు వణుకుతాయి, కొందరికి ఫిట్స్ కూడా వస్తాయి. డాక్టరు చూసి రాసిచ్చి, డాక్టరే మెల్లగా తగ్గించాల్సిన మందు అది. ఇప్పటికే వాడుతున్న వాళ్లు ఈ ఉత్తరం చదివి మాత్ర ఆపేయొద్దని కూడా ఇక్కడే చెబుతున్నాను.

మాత్ర ఇవ్వను గానీ రెండు మాటలు అడుగుతాను. మొదటిది, టీ కాఫీలు ఎప్పుడెప్పుడు తాగుతావు అని. డ్యూటీలో నిద్ర ఆపుకోవడానికి తెల్లవారుజామున నాలుగింటికి కూడా స్ట్రాంగ్ కాఫీ కొట్టి, ఎనిమిదింటికి ఇంటికి పోయి పడుకుంటే నిద్ర ఎట్లా వస్తుంది? తాగిన కెఫిన్‌లో సగం వదలడానికే మామూలుగా అయిదు గంటల దాకా పడుతుంది. చివరి కప్పు ఇంకొంచెం ముందే తాగేసెయ్, పడుకునే గదికి మందపాటి దుప్పటైనా కర్టెన్‌లా కట్టు, వెలుతురు కంటికి తగిలితే ఒళ్లు పగలైందనుకుంటుంది అని చెబుతాను. రెండో ప్రశ్న, పని లేనప్పుడు ఏం చేస్తావు అని. దీనికి జవాబు దాదాపు అందరిదీ ఒకటే. "ఏముందక్కా, ఫోన్ చూస్తా."

ఫోన్ చూడటం నేరమని నేను అనను. అలిసిపోయి ఇంటికొచ్చిన మనిషికి చేతిలో అదే ఉంటుంది, అడిగేవాళ్లు లేరు, ఖర్చు లేదు. కానీ ఒక రీలు అయ్యాక ఇంకో రీలు, గంట గడిచాక లేచి చూస్తే ఏం చూశామో ఒక్కటి గుర్తుండదు, కళ్లు మంట, మెడ పట్టేసి ఉంటుంది. చేతులకు పని లేదు, ఎదురుగా మనిషి లేడు. దాన్ని విశ్రాంతి అనుకుంటున్నాం.

నిరాశలో ఉన్నవాళ్లు ఎక్కువగా అనే మాట, "మనసు బాగైతే అన్నీ చేస్తాను" అని. ఇక్కడే ఒక ముడి ఉంది. 1970ల్లో పీటర్ లెవిన్సన్ అనే అమెరికా సైకాలజిస్టు దీన్ని గట్టిగా పట్టించుకున్నాడు. మనసు కుంగినప్పుడు మనిషి ఇష్టమైన పనులు ఒక్కొక్కటీ మానేస్తాడు, మానేశాడు కాబట్టి సంతోషపడే సందర్భాలు తగ్గిపోతాయి, తగ్గేసరికి ఇంకా కుంగిపోతాడు. అందుకని మూడ్ కోసం ఎదురుచూడకుండా, చిన్న పనొకటి పెట్టుకొని, ఫలానా టైముకని అనుకొని, ఇష్టం ఉన్నా లేకపోయినా చేయించడం మొదలుపెట్టారు. దానికి బిహేవియరల్ యాక్టివేషన్ అని పేరు, డిప్రెషన్‌కు ఇప్పటికీ వాడుతున్న చికిత్సల్లో అదొకటి. అంటే చెయ్యి ముందు కదిలితే మనసు వెనకాల వస్తుందని. హాబీల గురించి రాసేటప్పుడు ఈ సంగతి జనానికి చెప్పాలండీ, ఎందుకంటే మన ఇళ్లలో హాబీ అనేసరికి తీరిక ఎక్కువైన వాళ్ల వ్యవహారం అనుకుంటారు.

మా షాపు పక్క సందులో టాక్సీలు ఆగుతాయి. అక్కడ డ్రైవర్లు సిమెంటు అరుగు మీద సుద్దముక్కతో గీతలు గీసుకొని పులిజూదం ఆడతారు. మూడు పులులకు మూడు గులకరాళ్లు, పదిహేను మేకలకు పదిహేను చింతగింజలు. పాత గుళ్ల మండపాల్లో రాతినేల మీద చెక్కి ఉంటుందే, అదే ఆట. ట్రిప్పు తగిలితే ఆట మధ్యలోనే లేచి పోతారు, ఆ గింజల్ని ఎవరూ కదపరు, కొండ దిగి వచ్చాక ఎక్కడ వదిలారో అక్కడి నుంచే ఆడతారు. వాళ్లలో ఒక పెద్దాయన బీపీ మాత్రలకు మా దగ్గరికి వస్తాడు. ఒకసారి ఆట గురించి అడిగితే, "ఫోన్ చూస్తే తలనొస్తాదమ్మా, ఒక ఆటేస్తే తల దిగుతాది. పైగా మేకలు గెలవాలంటే అందరూ కలిసి ఆలోచించాల గదా" అన్నాడు. చుట్టూ నిలబడి సలహాలిచ్చేవాళ్లను కూడా కలిపే అన్నాడాయన. నాకు ఆ మాట చాలా నచ్చింది. ఇంటికి దూరంగా, బండిలోనే పడుకొని బతికే మనుషులకు రోజులో ఒక అరగంట పక్కవాడితో మాట్లాడే సాకు దొరుకుతోంది.

మా వీధిలో ఒకావిడ ఉన్నారు, అత్తగారు మంచంలో ఉంటే అన్నీ ఆవిడే చూసుకుంటారు. ధనుర్మాసం అయిపోయినా సరే, ఆవిడ పొద్దున్నే వాకిట్లో పెద్ద ముగ్గు వేస్తారు. 15 చుక్కలు, 8 వచ్చేదాకా సందు చుక్క, పైన మెలికలు. బియ్యప్పిండి రెండు వేళ్ల మధ్య నుంచి సన్నగా జారుతుంటే చుక్క చుట్టూ తిప్పుకుంటూ పోవాలి, ఎక్కడైనా ఒక్క చుక్క దాటేశారా, చివరికి వచ్చేసరికి గీత కలవదు. అంత లెక్క చేతిలో ఉన్నప్పుడు వేరే లెక్కలు బుర్రలోకి రావడానికి చోటుండదు. "ఆ కాసేపు అత్తమ్మకు ఏ మాత్ర ఎప్పుడు వేయాలో కూడా గుర్తుకు రాదు, అదే నాకు కావాల్సింది" అంటారు ఆవిడ. ఇంట్లో వాళ్లేమో, పండగా పబ్బమా, రోజూ ఇంత ముగ్గెందుకు, పిండి దండగ అంటారు. రోగిని చూసుకునే మనిషికి ఊపిరి ఆడే ఆ కాస్త సమయం కూడా దండగేనా?

దండగ అనే మాట పోగానే ఇంకోటి వస్తుంది, దీని గురించే నేను గట్టిగా చెప్పదలుచుకున్నాను. ఎవరైనా ఆడమనిషి బాగా పాడితే, బాగా కుడితే, కనకాంబరాలు మరువం కలిపి అందంగా మాల కడితే, చూసిన వాళ్లు వెంటనే అనేది "యూట్యూబ్ చానల్ పెట్టు", "ఆర్డర్లు తీసుకోవచ్చు గదా" అని. మంచి ఉద్దేశంతోనే అంటారు. డబ్బు అవసరమైన వాళ్లు తప్పకుండా సంపాదించుకోవాలి, నేనూ జీతానికి పనిచేసే మనిషినే. కానీ ఆర్డరు తీసుకున్న రోజు నుంచి అందులోకి గడువు వస్తుంది, బేరం వస్తుంది, లైకులు ఎన్ని వచ్చాయన్న లెక్క వస్తుంది, నచ్చలేదన్న మాట వస్తుంది. ఏ పని చేస్తే టెన్షన్ తగ్గేదో అదే టెన్షన్ పెట్టడం మొదలుపెడుతుంది. ప్రతి మనిషికీ పైసా రాని పని ఒకటి ఉండాలి, బాగా రాకపోయినా ఫర్వాలేని పని, ఎవరికీ చూపించక్కర్లేని పని. పిల్లలకు కూడా అంతే. మా ఊళ్లో కోచింగ్‌లకు పోయే పిల్లలు బొమ్మలేస్తుంటే, పోటీలో పెడదామా, సర్టిఫికెట్ వస్తుందా అని అడుగుతున్నాం. ఊరికే గీసుకోనివ్వండి.

బ్రహ్మోత్సవాలప్పుడు మాడవీధుల్లో వాహనం ముందు కోలాటం ఆడే ఆడవాళ్లను టీవీలో చూసే ఉంటారు. అట్లాంటి బృందాల్లో చేరిన వాళ్లు మా షాపుకు మందులకు వచ్చేవాళ్లలోనూ ఉన్నారు. ఆ సాయంత్రాల ప్రాక్టీసు గురించి వాళ్లు చెబుతుంటే ముఖాలు చూడాలి! కర్ర తాళం తప్పకూడదు, అడుగు తప్పకూడదు, పక్కమనిషిని కనిపెట్టుకొని ఉండాలి, ఒక రోజు రాకపోతే ఏమైందని నలుగురు ఫోన్ చేస్తారు. వ్యాయామం, పాట, స్నేహం మూడూ ఒకచోటే. అన్నమయ్య కీర్తన నోరారా పాడుకున్నా మేలే, ఒక చరణం పూర్తయ్యేదాకా ఊపిరి నెమ్మదిగా వదలాలి కదా, అట్లా నిదానంగా వదిలినప్పుడు గుండె వేగం తగ్గుతుంది. పాట రాని వాళ్లకు రామకోటి ఉంది, మిద్దె మీద పాత బకెట్లలో పుదీనా, కొత్తిమీర ఉంది, మా ఎండలకు మే నెలలో వాటిని బతికించుకోవడమే ఒక వ్యాపకం.

నడక గురించి అందరికీ తెలుసు. వారానికి కనీసం 150 నిమిషాలు కాస్త వేగంగా నడవమని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, రోజుకు అరగంట చొప్పున అయిదు రోజులు. ఇక్కడ నడక అంటే అలిపిరి మెట్లు గుర్తుకొస్తాయి, 3,550 మెట్లు రోజూ ఎవరెక్కుతారు, మోకాళ్లు, గుండె బాగాలేని వాళ్లు డాక్టరును అడగకుండా ఎక్కనూ కూడదు. వీధి చివరిదాకా పోయి వచ్చినా నడకే. అయితే ఒక సంగతి గమనించండి. పొద్దున యూనివర్సిటీ మైదానం వైపు నడకకు పోయే మగవాళ్లు తిరిగొచ్చి టీకొట్టు దగ్గర కబుర్లు చెప్పుకొని ఇంటికి పోయేసరికి, ఇంట్లో ఆడవాళ్లు టిఫిన్లు చేసి, క్యారియర్లు కట్టి, పిల్లల్ని ఆటో ఎక్కించి ఉంటారు. నడకకు పోవద్దనను. వారానికి రెండు రోజులు క్యారియర్లు మీరు కట్టి ఆమెను పంపించండి అంటున్నాను. ఆమెకు ఏ హాబీ ఇష్టమని అడిగే ముందు ఆమెకు ఏ గంట ఖాళీ అని అడగాలి.

మందుల షాపు మనిషిగా ఇది కూడా చెప్పకుండా ఉండలేను. హాబీ అన్ని జబ్బులకూ మందు కాదు. రెండు వారాలు దాటినా దిగులు తగ్గకపోతే, తిండి నిద్ర చెడిపోతే, ఇష్టమైన పనిలో కూడా రుచి పోతే, బతకాలనిపించకపోతే డాక్టరును చూడాల్సిందే. థైరాయిడ్ తేడా వచ్చినా, రక్తం తక్కువైనా, బీ12 పడిపోయినా నీరసం, దిగులు వస్తాయి, అవి పరీక్షలో తెలిసిపోతాయి. డిప్రెషన్‌కు రాసే మందులు పనిచేయడానికి రెండు నుంచి నాలుగు వారాలు, కొందరికి ఇంకా ఎక్కువ పడుతుంది. వారం వాడి "ఏం తేడా లేదక్కా" అని మానేసేవాళ్లను చూసి బాధేస్తుంది. డాక్టరు దగ్గరికి పోవడానికి జంకితే ముందు 14416కు ఫోన్ చేయండి. అది కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోన్ సేవ, డబ్బులు కట్టక్కర్లేదు, రాత్రీపగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు. ఈ నంబరు ఇప్పటికీ చాలామందికి తెలియదు. మా కౌంటరు అద్దానికి అంటించి పెట్టాను, ఫోటో తీసుకొని పోతున్నారు.

చివరగా నేను అడిగేవి ఇవి. ఆ 14416ను మీ పేపర్లో రోజూ ఒక మూల, రాశిఫలాల పక్కనైనా సరే, వేయండి. మా వైపు పార్కుకు పొద్దున కాసేపు, సాయంత్రం కాసేపు తప్ప తాళం తీయరు. రాత్రి డ్యూటీ చేసి నిద్రలేచిన మనిషికి మధ్యాహ్నం మూడింటికి చెట్టు నీడన కూర్చునే వీలు లేదు. ఈ ఊళ్లో షిఫ్టుల్లో బతికేవాళ్లు ఇంతమంది ఉన్నప్పుడు పగలంతా తెరిచి ఉంచడం కష్టమా? ఇంటి పన్నులో ప్రతి రూపాయికీ 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం, ఆ డబ్బుతో లైబ్రరీలో ఒక గది చదరంగానికో, పులిజూదానికో, పిల్లల బొమ్మలకో కేటాయించి, రాత్రి తొమ్మిది దాకా ఉంచితే పోయేదేమీ లేదు. అధికారులు ఈ రెండింటి మీదా ఏమంటారో మీ విలేకరి అడిగి రాస్తే మా ఊరి వాళ్లం ఎదురుచూస్తాం.

ఇట్లు,
ఒక ఫార్మసిస్టు,
తిరుపతి.