మావయ్యగారికి, మా సంఘం వాళ్ళకి: తమ్ముడి హెవీ లైసెన్సు వచ్చిన సందర్భంగా

మా తమ్ముడికి పోయిన వారం హెవీ లైసెన్సు చేతికొచ్చింది. అమ్మ ఆ కార్డుని రెండు రోజులు దేవుడి గూట్లోనే ఉంచింది. మూడేళ్ళు లారీ మీద క్లీనరుగా తిరిగినవాడు ఇప్పుడు స్టీరింగు ముందు కూర్చుంటున్నాడు. సాయం చేసినవాళ్ళందరి పేర్లూ రాయాలని ఉంది కానీ, మావయ్యగారు వద్దన్నారు. వరసలతోనే రాస్తున్నాను. ఎవరి సంగతి వాళ్ళకి తెలిసిపోతుంది.

మాది ఒడిశాలోని రాయగడ. నేను బట్టలు కుడతాను, నాన్న లేరు. తమ్ముడికి కారు లైసెన్సు వచ్చి ఏడాది దాటింది, వయసు 20 నిండింది. ఆ రెండూ అయితే తప్ప హెవీకి ఎల్లెల్లార్, అంటే నేర్చుకునేవాళ్ళకిచ్చే లైసెన్సు కూడా ఇవ్వరు. ఇక మిగిలింది డబ్బే. డ్రైవింగు స్కూలు ఫీజు 22 వేలు, మా చేతిలో ఉన్నది 7 వేలు.

తమ్ముడు పనిచేస్తున్న లారీ ఓనరు అప్పుడే ఓ మాటన్నాడు. ఫీజు మొత్తం తనే కడతాడట. లైసెన్సు వచ్చాక రెండేళ్ళు తన బండే నడపాలి, నెలకి మూడు వేలు తగ్గించి జీతమిస్తాడు, ఒరిజినల్ లైసెన్సు తన దగ్గరే ఉంచుకుంటాడు. మాకది దేవుడిచ్చిన దారిలా కనిపించింది. అమ్మ ఆయనకి చేతులెత్తి దండం కూడా పెట్టేసింది.

ఆ సాయంత్రం ఎదురింటి మావయ్యగారు టీకి వచ్చారు. ముప్పై ఏళ్ళు రాయపూర్, విశాఖపట్నం దారిలో లారీ నడిపి మానేసిన మనిషి. సంగతంతా విని ఏమీ అనకుండా లేచి, ఇంటికెళ్ళి నోటుబుక్కు తెచ్చారు. ఒకప్పుడు ట్రిప్పుల లెక్కలు రాసుకున్న బుక్కు, అట్ట మీద ఆయిలు మరకలు. వెనక పేజీలో నాలుగు గీతలు గీసి "రాయమ్మా" అని పెన్ను నా చేతికిచ్చారు.

మూడు వేలు ఇంటూ 24 నెలలు. 72 వేలు. నేనే రాశాను, నేనే మళ్ళీ ఒకసారి వేసి చూశాను. 22 వేల ఫీజుకి 72 వేలు! ఆ ఓనరు చెడ్డవాడని నేననను, ఆయన వ్యాపారం ఆయనది. కానీ దండం పెట్టేముందు మేము ఆ గుణకారం చేసుకోలేదు. లైసెన్సు సంగతి వినేసరికి మాత్రం మావయ్యగారికి కోపం వచ్చింది. "చెకింగులో కార్డు చూపించాల్సింది డ్రైవరు. అది వేరేవాడి బీరువాలో ఉంటే నువ్వు వాడికి కట్టుబానిసవి. ప్రాణం పోయినా ఒరిజినల్ ఎవరికీ ఇవ్వకు, ఒరే!" అని తమ్ముడితో అన్నారు. ఆయన గొంతు అంత పెద్దగా లేవడం నేనెప్పుడూ వినలేదు.

రెండో గీత కింద ఊరి వడ్డీ. నూటికి మూడు రూపాయలు, అంటే 22 వేలకి నెలకి 660. ఏడాదికి 7,920 కట్టినా అసలు అలాగే నిలబడి ఉంటుంది. మూడో గీత కింద అమ్మ చెవి దుద్దులు. బ్యాంకులో బంగారం మీద తీసుకుంటే వడ్డీ ఊరి వడ్డీలో మూడో వంతు కూడా పడదు, అది మంచి దారే అన్నారు. కానీ ఇంట్లో ఉన్న బంగారం అదొక్కటే. టెస్టు తప్పితేనో, ఎవరికైనా ఒంట్లో బాగోకపోతేనో పనికొస్తుంది, దాన్ని ఆఖరికి ఉంచమన్నారు.

మర్నాడు నేను బ్యాంకుకి వెళ్ళాను. అంతకుముందే ఒక ఏజెంటు, కిరాణా కొట్టు పేరుతో ముద్ర లోను పెట్టిస్తాను, కమీషను ఇవ్వమన్నాడు. మాకు కొట్టే లేదు. బ్యాంకులో ఉన్న దీదీ ఒడియాలో, నాకు అర్థం కాని చోట హిందీలో, ఓపిగ్గా చెప్పింది. ముద్రలో శిశు అంటే 50 వేల వరకు, తాకట్టు లేకుండా ఇస్తారు, కానీ అది వ్యాపారానికే. లేని కొట్టు పేరుతో తీసుకుంటే అబద్ధం కాగితం మీద మా సంతకమే ఉంటుంది. శిక్షణ ఫీజుకి స్కిల్ లోను అని వేరే ఉంది. దానికీ తాకట్టు అక్కర్లేదు, కోర్సు అయిన కొన్నాళ్ళకి గానీ వాయిదాలు మొదలవ్వవు. అయితే ఆ కోర్సు ఆ లోనుకి ప్రభుత్వం గుర్తించినవాటిలో ఉండాలి. మేం అనుకున్న స్కూలుకి ఆ గుర్తింపు లేదు. లోను రాకపోయినా, ఆ అరగంట ఆవిడ నాకోసం కూర్చోకపోతే నేను ఏజెంటు కాగితం మీద సంతకం పెట్టేసేదాన్ని. దీదీకి తెలుగు చదవడం రాదు, ఎవరైనా చదివి వినిపించండి.

స్కూళ్ళు చూడటానికి మావయ్యగారు తమ్ముణ్ణి వెంటబెట్టుకెళ్ళారు. ఒక చోట డబ్బంతా ముందే కట్టాలి, రసీదు తర్వాత చూద్దామన్నారు. అక్కణ్ణుంచి వచ్చేశారు. ఆంధ్రలో ఉన్న పార్వతీపురంలో అయితే పిన్ని ఇంట్లో తిండీ, పడకా కలిసొచ్చేవి. కానీ ఉన్న లైసెన్సులో కొత్త క్లాసు చేర్పించాలంటే మనం ఉండే లేదా వ్యాపారం చేసుకునే రాష్ట్రంలోనే దరఖాస్తు పెట్టుకోవాలి. అక్కడ నేర్చుకుని, టెస్టుకి మళ్ళీ ఇక్కడికి తిరగాలి. బోర్డరులో ఉండే మనవాళ్ళు ఇది ముందే చూసుకోండి. ఆఖరికి రాయగడలోనే ఇంకో స్కూలు కుదిరింది. గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాలకి హెవీకి ఆరు వారాల్లో 38 గంటలని రూలుంది. మావయ్యగారు ఆ లెక్క మనసులో పెట్టుకుని, "బండికి ఎంతమంది? ఒక్కొక్కడికి స్టీరింగు రోజుకి ఎంతసేపు?" అని గుచ్చి గుచ్చి అడిగారు. చేరేటప్పుడు 11 వేలు, శిక్షణ అయిందని ఫారం 5 సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు 11 వేలు, రెండింటికీ రసీదు. అలా ఒప్పించుకొచ్చారు.

ఇక నాలుగో గీత కింద మా మహిళా సంఘం. పొదుపు డబ్బుల్లోంచి 15 వేలు, నూటికి రూపాయి వడ్డీ, పది వాయిదాలు. నెలనెలా 1,500 అసలు తగ్గుతూ పోతే మొత్తం వడ్డీ 825 రూపాయలు. నోటుబుక్కులో 72 వేల పక్కన ఈ 825 రాసినప్పుడు నా చెయ్యి వణికింది. నిజానికి ఆ నెల అప్పు వంతు నాది కాదు. ఇంటి రేకులు మార్చుకోడానికి మా వదిన రాయించుకున్న వంతు అది. మీటింగులో నా సంగతి విని, "వానలకింకా రెండు నెలలుంది, ముందు నువ్వు తీసుకో" అంది. వదినా, ఆ మాటకి నేను అప్పుడు ఏమీ అనలేకపోయాను. ఇప్పుడు కూడా ఏం రాయాలో తెలియట్లేదు.

ఫీజుతో లెక్క అయిపోయిందనుకున్నాం. ఆరు వారాలు తమ్ముడి జీతం ఉండదన్న సంగతి మాకు తట్టనే లేదు. పార్వతీపురం పిన్నికి తట్టింది. "వాడు మా ఇంట్లో ఉంటే తినేవాడే కదా" అని రైల్లో ఎవరిచేతో బియ్యం బస్తా పంపించింది.

ఆ ఆరు వారాలూ సాయంత్రం పూట మా గుమ్మంలో ఇంకో స్కూలు నడిచింది. స్టీరింగు అనుకోమని తమ్ముడి చేతికి స్టీలు కంచం ఇచ్చి, మావయ్యగారు పక్కన పీట మీద కూర్చునేవారు. బ్రేకుల గాలి మీటరు ఎక్కకుండా బండి కదపకు. వెనక్కి తీసేటప్పుడు క్లీనరు కేక ఒక్కదాన్నే నమ్మకు, రెండు అద్దాలూ చూడు. ఘాట్ ఏ గేరులో ఎక్కావో ఆ గేరులోనే దిగు, బ్రేకు మీద కాలేసుకుని దిగావంటే డ్రమ్ములు వేడెక్కి అసలైన మలుపులో పట్టవు. అమ్మ ఇదంతా వింటూ బియ్యం ఏరేది. ఇప్పుడు ఆవిడకి కూడా నోటికొచ్చేసింది.

తమ్ముడు పాత ఓనరుతో మర్యాదగానే చెప్పి వచ్చేశాడు. ఇప్పుడు వేరే బండి మీద సీనియర్ డ్రైవరు పక్కన విశాఖపట్నం పోర్టు లైనులో వెళ్తున్నాడు. కార్డు వాడి జేబులోనే ఉంది. సంఘానికి ఇంకా ఆరు వాయిదాలున్నాయి, ఒక్కటీ తప్పలేదు. వదిన వాళ్ళ రేకులు మొన్న వేశారు. తమ్ముడు ట్రిప్పు నుంచి దిగి తిన్నగా అక్కడికే వెళ్ళి, చీకటి పడేదాకా పైనే ఉన్నాడు.

మావయ్యగారూ, మీ నోటుబుక్కు ఇన్నాళ్ళూ మా ఇంట్లోనే ఉండిపోయింది. పక్కవీధి అబ్బాయి వాళ్ళమ్మ ఒకసారి చూసిస్తానంటే ఇచ్చాను. ఆదివారం తెచ్చిస్తాను.