కింగ్ జార్జ్ ఆసుపత్రి (కేజీహెచ్)కు రోగుల వెంట వచ్చేవారికి అన్నం, పడక: సంఘ కమిటీ విరాళాల విజ్ఞప్తి

ప్రభువైన యేసుక్రీస్తు నామమున సంఘస్థులకు, శ్రేయోభిలాషులకు వందనములు.

మంచి సమరయుని కథ మనలో చాలామందికి సండే స్కూలు నాటి నుంచీ కంఠతా వచ్చు. యెరికోకు దిగే దారిలో దొంగల చేతిలో దెబ్బలు తిన్న మనిషి, చూసీ పక్కగా వెళ్లిపోయిన యాజకుడు, లేవీయుడు, ఆగిన సమరయుడు. ప్రసంగాలు చాలావరకు ఇక్కడితో ఆగిపోతాయి. కానీ నూనె, ద్రాక్షారసం పోసి గాయాలు కట్టడం ఒక్కపూట పని. మర్నాటి సంగతి లూకా 10:35లో ఉంది. సమరయుడు పూటకూళ్లవాడికి రెండు దేనారములిచ్చి, ఇంకేమైనా ఖర్చయితే మళ్లీ వచ్చినప్పుడు తీరుస్తానన్నాడు. దేనారమంటే ఆనాడు ఒక రోజు కూలి. మత్తయి 20లో ద్రాక్షతోట యజమాని పనివాళ్లతో ఒప్పుకున్నదీ అంతే.

ఈ ఏడాది ఆ పూటకూళ్లవాడి పని మన సంఘం తలకెత్తుకోవాలనుకుంటోంది.

1923 నుంచీ కేజీహెచ్ ఉత్తరాంధ్ర అంతటికీ పెద్దాసుపత్రి. ఉద్దానం నుంచి కిడ్నీ జబ్బుతో, పాడేరు, అరకు కొండల నుంచి కాన్పు కష్టమై, ఒడిశా సరిహద్దు ఊళ్ల నుంచి కూడా జనం వస్తారు. రోగికి మంచం, మందు, భోజనం ఆసుపత్రి చూసుకుంటుంది. వెంట వచ్చిన తల్లికో, మొగుడికో, అన్నకో? నాలుగు రోజులనుకుని వచ్చినవాళ్లు నెల ఉండిపోతారు. అక్కడ కూలి పోతుంది, ఇక్కడ చేతిలో డబ్బు ఆటోలకూ పాలకూ కరిగిపోతుంది. చివరికి తాము తినడం తగ్గిస్తారు. రోగిని చూడటం ఆసుపత్రి పని, వెంట వచ్చినవాళ్లను చూడటం ఊరి పని అని మా అభిప్రాయం. 2024లో అన్న క్యాంటీన్లు మళ్లీ తెరిచాక ఐదు రూపాయలకే పూట గడుస్తోంది గానీ, ఆదివారం వాటికి సెలవు. మనం ఆరాధన ముగించుకుని ఇంటికెళ్లి బిర్యానీ తినే రోజే వాళ్లకు కష్టమైన రోజు.

అందుకే ప్రతి ఆదివారం రెండు పూటలా అన్నం, పప్పుచారు, గుడ్డు పెడతాం. వారమంతా రాత్రిళ్లు సంఘం హాలులో పడక. ఆసుపత్రి దిగువనున్న కేజీహెచ్ డౌన్ నుంచి నడిచి రాగలిగినంత దూరమే. చాపలు, దోమతెరలు, నీళ్ల ట్యాంకు కావాలి. ఆడవాళ్లకు వేరే బాత్రూములు కట్టాలి. వచ్చే డబ్బులో ఎక్కువ భాగం వీటికే పోతుంది. వినడానికి అంత ఆత్మీయంగా లేకపోవచ్చు, కానీ ఆడమనిషి వస్తూనే అడిగేది అదే.

కొత్త సౌండ్ సిస్టం కొందామని కూడా కమిటీలో మాట వచ్చింది. ఆకలితో ఉన్నవాళ్లను “సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి” అని పంపేస్తే ఏం ప్రయోజనమని యాకోబు అడుగుతాడు. ఆ వాక్యాన్ని కొత్త స్పీకర్లలో మరింత గట్టిగా వినిపించి లాభం లేదనుకున్నాం. పాతవే ఇంకో ఏడాది గరగరలాడతాయి.

వచ్చినవాళ్ల కులమతాలు అడగం. కంచంతో పాటు కరపత్రం ఇవ్వం. ప్రార్థన కావాలని వాళ్లే అడిగితే పాస్టరు గారు చేస్తారు. ఇది కొందరికి నచ్చలేదని తెలుసు. సమరయుడు మాత్రం దెబ్బలు తిన్నవాణ్ణి ఏమీ అడగలేదు.

ఎంత ఇవ్వాలి అంటే, మీ రెండు రోజుల సంపాదన. స్టీల్ ప్లాంటు ఉద్యోగికీ ఆటో డ్రైవరుకూ అది ఒకటి కాదు, కాకూడదు కూడా. సముద్రంలో చేపల వేట మీద బతికే కుటుంబాలు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధం ఉన్నన్నాళ్లూ, ఏమీ ఇవ్వనక్కర్లేదు. స్త్రీల సమాజం వారు వంటకు బియ్యం కొలిచినప్పుడల్లా పిడికెడు తీసిపెట్టి ఆదివారం తెస్తే ఆ బియ్యమే వండుతాం.

విదేశాల్లో ఉన్న మన పిల్లలకు ఒక మనవి. సంఘానికి ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్, అంటే విదేశీ విరాళాలు తీసుకునే అనుమతి, లేదు. భారత పౌరసత్వం ఉన్నవారు సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపవచ్చు. వేరే దేశపు పౌరసత్వం తీసుకున్నవారు ఎంత ప్రేమతోనైనా సరే పంపవద్దు.

విరాళాలు ఆరాధన తర్వాత కోశాధికారికిచ్చి రసీదు తప్పక తీసుకోండి. కానుక విషయంలో తమ మీద ఎవరూ తప్పు మోపకూడదని పౌలు అంత జాగ్రత్తపడ్డాడు, మనమెంత? నెలనెలా జమాఖర్చులు నోటీసు బోర్డు మీద పెడతాం. సందేహముంటే అడగండి, ఎవరూ నొచ్చుకోరు.

డబ్బు ఇవ్వలేనివారి అవసరమూ ఉంది. రాత్రిళ్లు హాలులో తోడు పడుకోవడానికి వంతులవారీగా మగవాళ్లు, ఆడవాళ్లు కావాలి. ఒడియా గానీ, కొండల్లో మాట్లాడే కువి భాష గానీ వచ్చినవారైతే మరీ మంచిది. పేర్లు కార్యదర్శి గారి దగ్గర రాయించండి.

ఇట్లు,
సంఘ కమిటీ, విశాఖపట్నం