పది ఏనుగులా?

ఒరేయ్ స్కేలూ,

నీ మెయిల్‌కి జవాబివ్వడానికి నెలన్నర పట్టింది, సారీ రా, తిట్టాలనుకుంటే తిట్టు. అమ్మ కంటి ఆపరేషన్ బాగానే అయింది, మేం ఇల్లు మారాం, మిగతావి ఫోన్లో. ఇప్పుడు ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టేలా లేదు.

కాన్ఫరెన్స్ పోస్టర్ గురించి చెప్పాగా, ఏ జీరో సైజు కాగితం, 841 బై 1189 మిల్లీమీటర్లు, నిలువు. పది రోజులు దాని మీదే కూర్చున్నా. పేజీ సైజు మొదటే పెట్టుకో, చివర్లో సాగదీస్తే అన్నీ చెదిరిపోతాయి అని పక్క ల్యాబ్ అక్క చెప్పింది, ఆవిడకి ఎంత రుణపడ్డానో. లోగో వెబ్‌సైట్ నుంచి తీస్తే గళ్ళుగళ్ళుగా వస్తుందని ఎంత పెంచినా చెదరని వెక్టర్ ఫైల్ అడిగి తెచ్చుకున్నా, ఫొటోలు ప్రింట్ సైజులో 300 డీపీఐ, అంటే అంగుళానికి 300 చుక్కలు, ఉండేలా చూసుకున్నా, అక్షరాలు 28 పాయింట్ల కన్నా తగ్గనివ్వలేదు. ఏ ఫోర్ మీద కూడా తీసి చూశా, అందులో అన్నీ నాలుగో వంతు అయిపోతాయి కదా, 28 కాస్తా 7 అవుతుంది, అయినా హాయిగా చదవగలిగా.

ప్రింటింగ్ చోట పీడీఎఫ్ వద్దు, అసలు ఫైలే ఇవ్వండి, సైజు మేం చూసుకుంటాం అన్నారు. ఇచ్చేశా. అక్కడే రా కొంప మునిగింది.

సాయంత్రం ఇంటికి తెచ్చి నేల మీద పరిచి, చుట్టుకుపోకుండా నాలుగు మూలలా పుస్తకాలు పెట్టి నిలబడి చూస్తే ఎంత సంతోషమేసిందో! రెండేళ్ళ పని అంతా ఒక్క కాగితం మీద. తర్వాత వంగి రక్తకణాల ఫొటో కింద స్కేల్ బార్, అదే అసలు సైజెంతో చెప్పే గీత, చూశా. 10 మైక్రోమీటర్లు ఉండాల్సిన చోట 10 మిల్లీమీటర్లు. కాళ్ళలో సత్తువ పోయింది రా. ఏడెనిమిది మైక్రోమీటర్ల ఎర్ర కణం చొక్కా గుండీ అంత అయిపోయింది, వెయ్యి రెట్లు! వెంటనే నువ్వే గుర్తొచ్చావ్, ఫిజిక్స్ ల్యాబులో యూనిట్ రాయని నా రికార్డు చూసి "పది ఏంటి, పది ఏనుగులా?" అని అడిగిన రోజు.

సంగతేంటంటే ఆ లేబుల్ ఒక పాత స్లైడ్ నుంచి కాపీ చేసింది. అందులో మ్యూ (మైక్రోకి రాసే గ్రీకు అక్షరం, µ) నిజం మ్యూ కాదు, ఎమ్ కొడితే మ్యూలా చూపించే సింబల్ ఫాంట్‌లో కొట్టిన ఎమ్. నా ల్యాప్‌టాప్‌లో ఆ ఫాంట్ ఉంది కాబట్టి మ్యూలా కనబడింది, ఏ ఫోర్ మీదా సరిగ్గానే వచ్చింది. వాళ్ళ కంప్యూటర్‌లో లేదు, వేరే ఫాంట్ వేసేసరికి అడుగున దాక్కున్న ఎమ్ బయటపడి µm కాస్తా mm అయింది. అక్షరం బదులు డబ్బాలు డబ్బాలుగా వచ్చుంటే ఎవరికైనా తెలిసేది, ఇది చూడ్డానికి అసలు తప్పులానే లేదు, అదే నాకు భయమేసింది. ఎంతమంది పోస్టర్లలో ఇలా...

చిన్న స్టిక్కర్ అంటించెయ్యండి అన్నారు ప్రింటింగ్ వాళ్ళు. నాకు మనసొప్పలేదు. కొలత మీద అతుకేంటి? రాత్రి కూర్చుని ప్రతి మ్యూ యూనికోడ్‌లో, అంటే ఏ ఫాంట్‌లోనైనా మ్యూగానే ఉండేలా, మళ్ళీ కొట్టి, ఫాంట్లన్నీ లోపలే ఎంబెడ్ చేసిన పీడీఎఫ్ తీసి, ప్రాపర్టీస్‌లో ఫాంట్ల లిస్టు ఒక్కోటీ చూసి, పొద్దున్నే ఇది తప్ప ఇంకేదీ తెరవొద్దని చెప్పి పక్కనే నిలబడి వేయించా. స్క్రీన్ మీద మెరిసే నీలం, సిరాలోకొచ్చేసరికి కొంచెం డల్‌గానే వచ్చింది, అది సీఎంవైకే (ప్రింటింగ్‌లో వాడే నాలుగు సిరాల పద్ధతి) తీరు, పర్లేదు. స్కేల్ బార్ మాత్రం చూసి చూసి... ఫొటో పంపుతా, నువ్వూ ఒకసారి యూనిట్లు చూడు, నీ కన్ను పడితేనే నాకు ధైర్యం.

అయ్యో, ట్రైన్ టైమైపోతోంది, ట్యూబ్ మూత ఇంకా దొరకలేదు, ఇంకో సంగతి ఉంది, అది తిరిగొచ్చాక రాస్తా