ఐరన్ మాత్ర ఇచ్చేముందు ఐరన్ పరీక్ష చేయించండి: ఉద్దానం కిడ్నీ రోగుల తరఫున ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను కాలేజీలో బయోకెమిస్ట్రీ పాఠాలు చెబుతాను. పుట్టి పెరిగింది శ్రీకాకుళం జిల్లా సోంపేట మండలంలో. మా ఉద్దానంలో బడి గుమ్మం తొక్కని పెద్దమ్మలు కూడా కిడ్నీ ఎంత చెడిందో చెప్పే రక్తపరీక్ష గురించి "క్రియాటినిన్ ఎంతొచ్చింది?" అని అడుగుతారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. హిరమండలం రిజర్వాయరు నుంచి తాగునీటి పథకం వచ్చింది. ఏళ్ల తరబడి అడిగితే దక్కినవి ఇవి. ఇప్పుడు నేను అడిగేది వీటితో పోలిస్తే చాలా చిన్న ఖర్చు. కిడ్నీ రోగికి "రక్తం తగ్గింది" అన్నప్పుడు ఐరన్ మాత్రలు చేతిలో పెట్టి పంపేముందు, అతని ఒంట్లో ఐరన్ సంగతేమిటో చూడమని.

ఈమధ్య మా బంధువు ఒకాయన ఫైలు తిరగేశాను. డయాలసిస్ దాకా ఇంకా రాలేదు. హిమోగ్లోబిన్ 7.4. ప్రతి రిపోర్టులోనూ క్రియాటినిన్ చుట్టూ ఎర్ర సిరాతో సున్నా చుట్టి ఉంది. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెర్రిటిన్ పరీక్ష ఒక్కసారీ రాయలేదు. ఆయన వాడేసిన ఐరన్ మాత్రల స్ట్రిప్పులను రబ్బరు బ్యాండు వేసి దాచుకున్నాడు. మాత్రలు సరిగ్గా వేసుకోవడం లేదని ఎక్కడో మాట పడ్డాడట, అందుకని సాక్ష్యంగా వెంట తీసుకెళ్తున్నాడు. కడుపులో మంట, నల్లటి విరేచనం ఓర్చుకుంటూ పూట తప్పకుండా వేసుకున్న మనిషి ఆయన. తప్పు ఆయనది కాదని చెప్పడానికే ఈ కాస్త శాస్త్రం రాస్తున్నాను.

పేగులోకి చేరిన ఐరన్ రక్తంలోకి రావాలంటే పేగు కణం గోడలో ఉన్న ఫెర్రోపోర్టిన్ అనే ప్రోటీన్ గుండానే రావాలి. కణంలోంచి ఐరన్ బయటికి రావడానికి మనకు తెలిసినంతలో అదొక్కటే తలుపు. పాత ఎర్ర కణాలను అరగదీసే మాక్రోఫేజ్ కణాలకూ అదే తలుపు. రోజుకు మన ఒంట్లో తిరిగే 20, 25 మిల్లీగ్రాముల ఐరన్‌లో ఎక్కువ భాగం ఆ మాక్రోఫేజ్‌లు తిరిగి ఇచ్చేదే. తిండి నుంచి వచ్చేది ఒకటి రెండు మిల్లీగ్రాములు. కాలేయం హెప్సిడిన్ అనే 25 అమైనో ఆమ్లాల చిన్న హార్మోన్‌ను వదులుతుంది. అది ఫెర్రోపోర్టిన్‌ను పట్టుకుంటే కణం ఆ ఫెర్రోపోర్టిన్‌ను లోపలికి లాక్కుని అరిగించేస్తుంది, అంటే తలుపు మూతపడుతుంది. 2004లో ఈ సంగతి తేలింది.

ఆరోగ్యవంతుడిలో హెప్సిడిన్‌ను మూత్రంలోకి పంపేసేది కిడ్నీయే. కిడ్నీ చెడితే అది రక్తంలోనే పేరుకుంటుంది. పైగా ఈ జబ్బులో ఒంట్లో పైకి కనబడకుండా నివురుగప్పిన వాపు (ఇన్‌ఫ్లమేషన్) ఉంటుంది, అదీ హెప్సిడిన్‌ను పెంచుతుంది. ఫలితంగా మింగిన మాత్రలోని ఐరన్ పేగు కణంలోనే ఆగిపోయి, ఆ కణం రాలినప్పుడు దానితోపాటే పోతుంది.

అవతల ఎముక మజ్జలో ఎర్ర కణంగా మారబోయే కణం ఐరన్ కోసం చేయగలిగినదంతా చేస్తుంది. దాని లోపల ఐరన్ తగ్గగానే ఐఆర్‌పీ అనే ప్రోటీన్లు, ఐరన్‌ను కణంలోకి అందుకునే ట్రాన్స్‌ఫెరిన్ రిసెప్టార్‌ను తయారుచేయమనే సందేశాన్ని (ఎంఆర్‌ఎన్‌ఏ) చెరిగిపోకుండా కాపాడతాయి, రిసెప్టార్లు పెరుగుతాయి. కానీ రక్తంలో ఐరన్ మోసుకొచ్చే ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రోటీన్ ఖాళీగా వస్తుంటే ఎన్ని రిసెప్టార్లుండి ఏం లాభం? ఎర్ర కణాలు పుట్టించమని మజ్జకు చెప్పే, కిడ్నీ తయారుచేయాల్సిన ఎరిత్రోపోయిటిన్ అనే హార్మోన్ కూడా తగ్గిపోతుంది. ఆ ఇంజెక్షన్ ఇచ్చినా, ఐరన్ అందకపోతే సరిగ్గా పనిచేయదు.

ఇక్కడే ఇంకో చిక్కుంది. వాపు వల్ల ఫెర్రిటిన్ పెరుగుతుంది. ఆ అంకె ఒక్కటే చూసి "ఐరన్ చాలినంత ఉంది" అనుకుంటే పొరపాటు. నిల్వ గాదెలో ఉంది, మజ్జకు మాత్రం అందడం లేదు. అందుకే ట్రాన్స్‌ఫెరిన్ సాచురేషన్, అంటే ట్రాన్స్‌ఫెరిన్‌లో ఎంత శాతం ఐరన్‌తో నిండి ఉందో కూడా చూడాలి. కిడ్నీ జబ్బుల చికిత్సకు మార్గదర్శకాలిచ్చే అంతర్జాతీయ సంస్థ కేడిగో, సాచురేషన్ 30 శాతం లోపు, ఫెర్రిటిన్ 500 లోపు ఉన్న రోగికి నరం ద్వారా ఐరన్ ఇచ్చి చూడవచ్చని 2012లో చెప్పింది. 2019లో వెలువడిన పివోటల్ అధ్యయనంలో బ్రిటన్‌లోని 2,141 మంది డయాలసిస్ రోగులను పరిశీలించారు. నరం ద్వారా ఎక్కించే ఐరన్ మందు ఐరన్ సుక్రోజ్‌ను నెలకు 400 మిల్లీగ్రాములు ముందుచూపుతో ఇచ్చినవారికి, తగ్గాక మాత్రమే ఇచ్చినవారికంటే గుండెపోటు, పక్షవాతం లాంటి ముప్పులూ మరణాలూ కలిపి చూస్తే తక్కువ. ఎరిత్రోపోయిటిన్ మందూ తక్కువే సరిపోయింది. ఖజానా లెక్కలు చూసే మీ అధికారులకు ఈ చివరి మాట ప్రత్యేకంగా చెప్పాలి.

ఐరన్ సుక్రోజ్ కొత్త మందేమీ కాదు. రక్తహీనత ఎక్కువగా ఉన్న గర్భిణులకు ప్రభుత్వాసుపత్రుల్లో ఎక్కిస్తూనే ఉన్నారు. మన నర్సులకు దాన్ని సెలైన్‌లో కలిపి నెమ్మదిగా ఎక్కించడం, రియాక్షన్ కనిపెట్టడం తెలుసు. ఒంట్లో ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఇవ్వకూడదన్న జాగ్రత్త మాత్రం గట్టిగా చెప్పాలి.

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో క్రియాటినిన్ చూసే ప్రతిచోటా ఫెర్రిటిన్, సాచురేషన్ పరీక్షలకు కూడా రక్తం తీయించండి. నమూనాలు పలాసకు పంపినా చాలు. డయాలసిస్ మొదలుకాని రోగికి కూడా సామాజిక ఆరోగ్య కేంద్రంలోనే ఐరన్ ఎక్కించే ఏర్పాటు చేయండి. ఇది జరగకపోతే హిమోగ్లోబిన్ బాగా పడిపోయాక రక్తం ఎక్కించడమే మిగులుతుంది. ఎక్కించిన ప్రతి సీసా రోగి ఒంట్లో పరాయి కణజాలంపై యాంటీబాడీలు పుట్టించే అవకాశముంది. అవి పుడితే రేపు తల్లో, అన్నో కిడ్నీ ఇస్తానని ముందుకొచ్చినా సరిపడకపోవచ్చు. మా పల్లెల్లో రోగులు చాలామంది జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసి ఇల్లు నడిపిన మగవాళ్లు, నలభైల్లో, యాభైల్లో ఉన్నవాళ్లు. మార్పిడికి దారి మూసుకుపోకూడని వయసు అది.

ఈ ఆదేశం మీ శాఖ నుంచి ఒక సర్క్యులర్‌గా వస్తే చాలు. పరీక్షల పట్టిక, ఎవరికి ఇవ్వాలి, ఎవరికి ఆపాలి అనే వివరాలు తెలుగులో రాసి ఆశా కార్యకర్తలకు, నర్సులకు చెప్పే పనికి నాలాంటి అధ్యాపకులు జీతం అడక్కుండా వస్తారు. ఎప్పుడు, ఎక్కడికి రమ్మంటారో తెలియజేయగలరు.

ఇట్లు,
సోంపేట మండలానికి చెందిన ఒక బయోకెమిస్ట్రీ అధ్యాపకుడు